మట్టిరంగు మనిషి

"ఒంటిగంట దాకా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పాణిగ్రాహి. "ఒంటిగంటకి జీపు కదుల్తుంది. మూడింటికి బరంపురంలో మేజిస్ట్రేటుగారింట్లో అమ్మాయిని హాజరుపెట్టాలి. ఈలోగా మీరేం తవ్వుకుంటారో తవ్వుకోండి."

డిటెక్టివ్ అప్పలస్వామి గోడ గడియారం చూశాడు. తొమ్మిదీ నలభై.

"మూడు గంటల ఇరవై నిమిషాలు. చాలు."

"మీకెప్పుడూ చాలేది. డిపార్టుమెంటులో ఉన్నప్పుడూ ఇదే మాట. మీరు రాజీనామా ఇచ్చి పుణ్యం కట్టుకున్నారు, లేకపోతే నాకీ టోపీ వచ్చేది కాదు."

"టోపీ బాగానే ఉంది. దాని కింద ఏముందో చూద్దామనే వచ్చాను."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబులు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పురుషోత్తంపూర్‌లో బట్టల వ్యాపారి వెంకటరమణమూర్తి ఇల్లది. రెండు రోజుల కిందట, శుక్రవారం పొద్దున్న, ఆ ఇంటి వెనకవైపు పురిటి గదిలో కాసులమ్మ అనే ముసలి మంత్రసాని చచ్చిపడి ఉంది. పదీ పాతిక ప్రాంతంలో పసుపు నూరే పొత్రంతో ఎవరో వెనకనించి తల మీద ఒక్క దెబ్బ కొట్టారు. ఆ గదిలో ఆ సమయానికి ఉన్నది ఇంకొక్క మనిషే. వెంకటరమణమూర్తి ఏకైక కూతురు వాసవీకుమారి. ఇరవై రెండేళ్ళ పిల్ల. కాన్పై పద్దెనిమిదో రోజు.

పెరటి తలుపు లోపలినించి గడియ వేసి ఉంది. బయటివాళ్ళు రావడానికి దారి లేదు. పాణిగ్రాహికి అంతకన్న ఆలోచించాల్సిన పని కనిపించలేదు.

శనివారం సాయంత్రం వెంకటరమణమూర్తి బరంపురం వచ్చి అప్పలస్వామి చేతులు రెండూ పట్టుకున్నాడు. "నా కూతుర్ని విడిపించండి. ఇంకేమీ అడగను," అన్నాడు. ఎవరు చంపారో కనిపెట్టమని అడగలేదు. ఆ సంగతి అప్పలస్వామికి ఆ రాత్రి పడుకున్నాక గాని తట్టలేదు.

వీధిలో ఒక కారు ఆగి ఉంది. అది కొడల నించి వియ్యాలవారు పంపిన కారు. వాసవి జీపెక్కిన మరుక్షణం పసివాణ్ణి ఆ కారులో తీసుకుపోతారు. వియ్యపురాలు కబురు కూడా పంపింది: హత్య చేసిన చేతుల్లో మా పిల్లాడు పెరగక్కర్లేదు, మళ్ళీ ఆ మనిషి మొహం చూపించం అని. ఇరవై రోజుల పిల్లాడికి తల్లి మొహం గుర్తుండదు. తల్లికి మాత్రం చచ్చేదాకా ఉంటుంది.

* * *

వాసవి మంచం మీద గోడకి జారబడి కూచుని ఉంది. చెవులకి గుడ్డ కట్టుకుని, నడుముకి పాత చీర బిగించుకుని ఉంది. పక్కలో పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆమె చెయ్యి వాడి పొట్ట మీంచి కదల్లేదు.

"శుక్రవారం నీళ్ళు ఎన్నింటికి పోసుకున్నావమ్మా?"

"పదవుతాదనగా మొదలెట్టింది కాసులమ్మ. పదీ పదికి అయిపోయింది. అప్పుడే రేడియోలో ఒడియా వార్తలు అయిపోయాయి."

"తరవాత?"

"సాంబ్రాణి వేసింది. పిన్ని వచ్చి బాబుని ముందు హాల్లోకి తీసుకెల్లింది. నేను ఇక్కడే, ఈ మంచం మీదే కూకున్నాను. కాసులమ్మ నీళ్ళ గది గుమ్మంలో గిన్నెలు సర్దుతోంది."

"ఆమెని నువ్వు చూస్తున్నావా?"

వాసవి పిల్లాడి వైపు చూపు దించుకుంది. పాణిగ్రాహి గుమ్మానికి ఆనుకుని చిన్నగా నవ్వాడు. "ఇక్కడే ఆగిపోతుంది. నా దగ్గరా ఇక్కడే ఆగింది."

"ఆగనీండి. అమ్మా, ఏం చూశావో అదే చెప్పు. నమ్ముతారా లేదా అన్నది నీ పని కాదు."

"నీళ్ళు పోసుకున్నాక నాకు కళ్ళు కనపడవు బాబూ," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "పొగలోంచి సూసినట్టుంటాది. కాళ్ళూ సేతులూ నావి కానట్టు అయిపోతాయి. ఒక అరగంట. మల్లీ వాటంతటవే వచ్చెస్తాయి. ఆ రోజు కూడా అంతే. ఎవరో పెరటి వసారాలోంచి లోపలికి వచ్చారు. మనిషి ఆకారం కనిపించింది. నడుం కింద మట్టిరంగు గుడ్డ. ఎవరూ అన్నాను. పలకనేదు. తరవాత సప్పుడయింది. కాసులమ్మ పడిపోయిందేమో, లేపుదామని లేవబోయాను. కాళ్ళు రానేదు."

"మనిషి వాసన గాని, అడుగుల చప్పుడు గాని?"

"గది నిండా సాంబ్రాణి పొగ. ఇంకేటి తెలుస్తాది? సెప్పుల్లేని కాళ్ళు."

"మట్టిరంగు," అన్నాడు పాణిగ్రాహి. "ఆ ఇంట్లో ఆ రోజు మట్టిరంగు బట్ట కట్టినవాడు ఒక్కడు లేడు. నేను పెట్టెలు తెరిపించి చూశాను. ఇక కాళ్ళ సంగతి. పన్నెండున్నరకి నేను వచ్చాను. ఇదే అమ్మాయి లేచి నిలబడింది. పొత్రం ఎత్తి చూపించమన్నాను. ఆరు కిలోల రాయి, ఒక్క చేత్తో ఎత్తింది. ఇద్దరు సాక్షులున్నారు. మొత్తం మిఛ్ఛ కథ. అబద్ధం."

"పన్నెండున్నరకి ఎత్తింది," అన్నాడు అప్పలస్వామి. "పదీ పాతికకి ఎత్తగలదా అని చూశారా?"

"మనిషి బలం రైలా, టైము ప్రకారం రావడానికి?"

అప్పలస్వామి మళ్ళీ వాసవి వైపు తిరిగాడు. "ఈ కళ్ళు మసకేసే సంగతి నువ్వెవరికైనా చెప్పావా, శుక్రవారానికి ముందు?"

"అత్తోరికి తెలిస్తే జబ్బుపిల్లని వదిలేస్తారని ఎవరికీ సెప్పనేదు. కాసులమ్మకి సెప్పకుండానే తెలిసిపోయింది, సెంబు సేతిలోంచి జారిపోతుంటే సూసింది. నాన్నకి మాత్రం సెప్పాను. అయిదో రోజే సెప్పాను."

"నాన్నగారేమన్నారు?"

"పురిటి నీరసమే తల్లీ, ఎవరితోనూ అనకు అన్నారు. అప్పట్నించీ రోజూ ఆ తలుపు అవతల నిలబడి, ఎలాగుందమ్మా అని అడిగి ఎల్లేవారు."

ఆమె మొహంలో తండ్రి మీద ప్రేమ తప్ప ఏమీ లేదు. అప్పలస్వామి తల దించుకుని నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు చేశాడు.

* * *

పదీ పదిహేనుకి నీళ్ళ గది చూశాడు. రాగి కాగు ఇటుకల పొయ్యి మీద ఉంది. గుమ్మానికి కుడిపక్క సన్నికల్లు. పొత్రం పోలీసుల దగ్గరుంది. కాసులమ్మ పడ్డ చోట పాణిగ్రాహి మనుషులు సుద్దతో గీసిన గీత మీద అప్పుడే ఎవరో నీళ్ళు పోసేశారు. మంచానికీ గుమ్మానికీ మధ్య తొమ్మిదడుగులు. గుమ్మం నించి పెరటి వసారాలోకి ఇంకో తలుపు. ఆ వసారా వెంట కుడిచేతి వైపు పన్నెండడుగులు నడిస్తే దేవుడి గది వెనక తలుపు. ఎడమచేతి వైపు నుయ్యి, గిలక. నూతి పక్కన తాడు మీద బట్టలు ఆరుతున్నాయి.

వాసవికి తల్లి లేదు. చిన్నప్పుడే పోతే పెంచింది పిన్ని కమలాకుమారి. తెల్లచీర కట్టుకున్న సన్నటి మనిషి. ఆమెని నూతి గట్టు మీద కూచోబెట్టి అడిగాడు అప్పలస్వామి.

"మీరు బాబుని తీసుకెళ్ళింది?"

"పదింపావుకి. ముందు హాల్లో పక్కింటి కూర్మమ్మ వచ్చి కూకుంది. ఇద్దరం కలిసి పిల్లాడికి నూనె రాసినాం, కాటుక ఎట్టినాం. పదీ నలభైకి నేను లోపలికి ఎల్లి సూసీసరికి..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈలోగా ఏమైనా చప్పుడు?"

"ఏటీ నేదు బాబూ. గిలక సప్పుడు ఒక్కటే. కాసులమ్మ నీళ్ళు తోడుతోందనుకున్నాం. ఇంతసేపు తోడుతాదేటి ఈవిడ అని కూర్మమ్మ నవ్వింది కూడాని."

"అది ఎన్నింటికి?"

"నేను లోపలికి ఎల్లడానికి ఒక అయిదు నిమిషాల ముందు."

"పదీ ముప్పై అయిదు." అప్పలస్వామి రాసుకున్నాడు. అప్పటికి కాసులమ్మ పోయి పది నిమిషాలయింది. "మీ బావగారు?"

"దేవుడి గదిలో. శుక్రవారం పూజ పదికి మొదలెడితే పదీ యాభైకి గాని హారతి అవ్వదు. హారతి గంట కొట్టీవరకూ మడి కట్టుకున్న మనిషిని పిలవకూడదు. నేను కేకలేసినా బావగారు హారతి ఇచ్చే వచ్చినారు."

"మడి అంటే ఎర్ర పట్టుపంచె?"

"ఆ. మా ఇంట్లో మగోళ్ళకి అదే. అయినా ఆ పంచెతో ఇటేపు అడుగు పెట్టరు బాబూ. పురిటి గది మైల. నెల ఎల్లేవరకూ మడితో ఎవరూ ఇటు రారు, వస్తే మల్లీ నెత్తి మీద నీళ్ళు పోసుకుని, వేరే పంచె కట్టుకుంటే గాని దేవుడి గది గుమ్మం తొక్కకూడదు. అందుకే ఇన్‌స్పెక్టరు బాబు కూడా బావగారిని ఏటీ అడగనేదు."

"శుక్రవారం సాయంత్రం ఈ తాడు మీద బట్టలు ఎవరు తీశారమ్మా?"

"మడి పంచె నేను ముట్టుకోను. బావగారే ఆరేస్తారు, బావగారే తీసుకుంటారు."

"ఎన్ని ఉన్నాయి?"

కమలాకుమారి చెప్పబోయి ఆగింది. చూపు తాడు మీదికి పోయింది. ఇప్పుడు అక్కడ ఒక్కటే ఎర్ర పంచె ఉంది. "రెండు," అంది. "రెండూ తడిగానే ఉండేవి. ముందు రోజు, లక్షవారం నాటిది తియ్యడం మర్చిపోయారనుకున్నాను."

ఒక రోజు నాటిది తడిగా ఉండదు. ఆమెకీ ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. గట్టు మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచింది.

"ఇంకొక్క మాట. కాసులమ్మ చనిపోయే ముందు రోజు మీతో ఏమైనా అందా?"

"అంది. ఇది నీరసం కాదు కమలమ్మా, నరాల్లో ఏదో పోయింది, నేను నలభై ఏళ్ళుగా బాలింతల్ని సూస్తన్నాను అంది. శుక్రవారం సాయంత్రం కొడలోళ్ళు బాబుని సూడ్డానికొస్తారు కదా, ఆళ్ళతో సెప్పి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లమంటాను అంది. ఆ రాత్రే అన్నంకాడ బావగారితో సెప్పాను. బావగారు అన్నం వదిలేసి సెయ్యి కడిగేసుకున్నారు."

* * *

ఇక్కడికి రాకముందే, ఆ పొద్దున్న ఏడింటికి, అప్పలస్వామి బరంపురంలో కళ్ళ డాక్టరు భారతీదేవి గడప తొక్కాడు. కూతురు అప్పుడప్పుడు కళ్ళు కనపడవంటోందని వెంకటరమణమూర్తి నోరు జారి అన్నాడు. ముందెప్పుడైనా ఇలా వచ్చిందా అంటే, జలుబు కూడా ఎరగదన్నాడు. అయితే ఆ ప్రాంతం వ్యాపారస్తుల ఇళ్ళవాళ్ళు కళ్ళకి వెళ్ళేది ఆవిడ దగ్గరికే. ఆవిడ పాత రిజిస్టరు తిరగేసి, మూడేళ్ళ కిందటి పేజీ చూపించింది. వాసవీకుమారి, పెళ్ళికాలేదు, ఎడమకన్ను.

"నరం మీద ఒక పొర ఉంటుందండీ," అందావిడ. "కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు లాంటిది. ఈ జబ్బులో ఒంట్లో కాపలా కాయాల్సిన శక్తే శత్రువనుకుని ఆ పొరని కొరికేస్తుంది. ఒకసారి కంటి నరం మీద, ఒకసారి వెన్నులో. కొన్ని వారాలకి చాలామట్టుకు సర్దుకుంటుంది. సర్దుకున్నట్టు కనిపిస్తుంది. కాన్పయ్యాక మళ్ళీ తిరగబెట్టే భయం ఎక్కువ. ఇంకోటి, ఒళ్ళు వేడెక్కితే పొర ఊడిన నరం పని చెయ్యదు. చల్లబడితే చేస్తుంది. వేడినీళ్ళ స్నానం చాలు, అరగంట పాటు గుడ్డిదైపోతుంది. మనవాళ్ళు బాలింతకి పోసేవి మామూలు వేడినీళ్ళా?"

"ఈ సంగతి ఎవరికి చెప్పారు డాక్టరుగారూ?"

"పిల్ల చిన్నది, బయట కూచోబెట్టాను. తండ్రికి చెప్పాను. పెళ్ళి చేస్తే అటువాళ్ళకి చెప్పి చెయ్యండి అని మరీ చెప్పాను. తప్పకుండా చెప్తానన్నాడు."

* * *

పదకొండుకి అప్పలస్వామి పాణిగ్రాహిని టార్చిలైటు అడిగాడు.

"మీరే పట్టుకోండి. నేను పట్టుకుంటే గారడీ అంటారు. అమ్మాయి కుడికంట్లో వెయ్యండి. కంటిపాప చిన్నదయిందా?"

"హఉ. అయింది."

"ఇప్పుడు గబుక్కున ఎడమకంటికి మార్చండి."

పాణిగ్రాహి మార్చాడు. వెలుతురు పడుతుంటే ఎడమ కంటిపాప చిన్నదవలేదు. చీకట్లో ఉన్నట్టు విచ్చుకుంది. అతను మళ్ళీ కుడికి తిప్పాడు, మళ్ళీ ఎడమకి. నాలుగుసార్లు చేశాడు.

"వెలుతురు పడ్డట్టు ఆ కన్ను లోపలికి సరిగ్గా కబురు పంపడం లేదు," అన్నాడు అప్పలస్వామి. "నోటితో ఎవరైనా అబద్ధం చెప్పగలరు. కంటిపాపతో చెప్పించమనండి చూద్దాం."

"ఒక కన్ను పాడైందని ఒప్పుకుంటా. ఒంటికన్నువాళ్ళు హత్యలు చెయ్యరా?"

"అయితే రెండోది చూడండి. అదే గది, అదే కాగు, అవే నీళ్ళు. ఆ రోజు పదీ పాతికకి ఈమె ఎలా ఉందో మీ కళ్ళతో చూద్దురుగాని."

భారతీదేవి జాగ్రత్తలు చెప్పే పంపింది. పది నిమిషాలు మించకూడదు, వెంటనే గాలి తగలాలి. అప్పలస్వామి ఆ సంగతంతా వాసవికి విడమరిచి చెప్పాడు. "ఇష్టం లేకపోతే వద్దమ్మా. కష్టంగా ఉంటుంది."

"ఇది సేస్తే బాబు నాకాడే ఉంటాడా?"

ఆ ప్రశ్నకి ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పడానికి అతనికి ధైర్యం చాల్లేదు. "నువ్వు కొట్టలేదని రుజువవుతుంది," అన్నాడు.

కమలాకుమారి తలుపు వేసి నీళ్ళు పోసింది. పదకొండూ ఇరవై అయిదుకి మొదలెట్టి ముప్పై అయిదుకి ముగించింది. చీర కట్టించి, చంకలో చెయ్యి వేసి మంచం దాకా తీసుకొచ్చేసరికి ఆ పిల్ల పాదాలు నేల మీద ఈడుస్తున్నాయి. తలుపు తీశారు. అప్పలస్వామి కంచు చెంబు చేతికిచ్చాడు. వేళ్ళు మూసుకోలేదు. చెంబు మంచం పట్టె మీద పడి దొర్లిపోయింది. పాణిగ్రాహి కానిస్టేబులు చేత పొత్రం తెప్పించి ఒళ్ళో పెట్టించాడు. రెండు చేతులూ దాని మీద వేసి ఆమె లాగింది. పెదవి కొరుక్కుని లాగింది. రాయి కదల్లేదు.

పాణిగ్రాహి చప్పుడు కాకుండా చూపుడువేలు ఆమె కంటికి జానెడు దూరంలోకి తెచ్చాడు. రెప్ప పడలేదు.

"నా వేళ్ళెన్ని?"

"మీరెక్కడున్నారు బాబూ?" అందామె.

అప్పటికి వెంకటరమణమూర్తి కూడా వచ్చి వసారా గుమ్మంలో నిలబడ్డాడు. మాసిన లుంగీ, నుదుటన ఎండిన గంధం. రెండు రోజులుగా నిద్ర లేని మొహం. కూతుర్ని చూస్తున్నాడు.

అప్పలస్వామి అతని పక్కనించే పెరట్లోకి వెళ్ళి తాడు మీంచి మూడు బట్టలు తెచ్చాడు. నీలం దుప్పటి, పచ్చ చీర, ఎర్ర పట్టుపంచె.

"అయ్యో, అది ముట్టుకోకండి బాబూ, మడిది," అంది కమలాకుమారి అలవాటు కొద్దీ.

ముప్పై ఏళ్ళుగా ఇంకొకరి చెయ్యి పడనివ్వని పంచె పరాయివాడి చేతుల్లో ఉంటే, వెంకటరమణమూర్తి గోడ వైపు చూశాడు.

నీళ్ళయిన పావుగంటకి నీలం దుప్పటి కిటికీ వెలుతురులో పరిస్తే, రంగు మాత్రం మసగ్గా అందినట్టుంది, "నల్లగా ఉంది" అంది వాసవి. పచ్చ చీర పరిస్తే "బూడిదరంగు" అంది. మూడోది పరిచాక తల కొద్దిగా ముందుకి వంచింది.

"ఇదే. ఈ మట్టిరంగే. ఆ రోజు వచ్చిన మనిషి కట్టుకున్నది ఇదే."

"ఇది ఎరుపు," అన్నాడు పాణిగ్రాహి గొంతు తగ్గించి. తన మనుషులు పెట్టెల్లో వెతికింది మట్టిరంగు కోసం.

"ఈ జబ్బున్న కంటికి ముందు వెలిసిపోయేది ఎరుపే," అన్నాడు అప్పలస్వామి. తరవాత తలుచుకున్నప్పుడల్లా ఆ తొందరపాటుకి తనే నొచ్చుకున్నాడు. పంచె మడిచి అవతల పెట్టాల్సింది. పెట్టలేదు. దాన్ని కిటికీ ముందు కుర్చీ మీదే వదిలేసి, ఇంకెవరికీ వినపడకుండా ఇన్‌స్పెక్టరుతో మాట్లాడడానికి రెండడుగులు పక్కకి జరిగాడు.

"యాభై నిమిషాల పూజలో గంట రెండుసార్లే మోగుతుంది. మొదట ఒకసారి, హారతికి ఒకసారి. మధ్యలో ఆ గదిలో మనిషున్నాడో లేడో ఎవరికీ తెలీదు. మడిలో ఉన్నవాడు ఇటు రాడని మీరూ అనుకున్నారు, ఇంట్లోవాళ్ళూ అనుకున్నారు. వచ్చాడు. కాసులమ్మ నోరు తెరిస్తే, జబ్బు దాచి పెళ్ళి చేసిన సంగతి ఆ సాయంత్రమే వియ్యాలవారికి తెలిసిపోయేది. వచ్చి పని ముగించాక మైలతో హారతి ఇవ్వడానికి మనసొప్పలేదు. నూతి దగ్గర తలారా పోసుకుని, ఇంకో పంచె కట్టుకుని వెళ్ళి హారతి ఇచ్చాడు. అందుకే ఆ రోజు తాడు మీద రెండు తడి పంచెలున్నాయి."

పాణిగ్రాహి అప్పలస్వామి వైపు తిరిగాడు. "మిమ్మల్ని పెట్టుకున్నది ఆయనే కదా."

"ఆయనే."

"సాక్ష్యం?"

"గిలక చప్పుడు విన్నవాళ్ళున్నారు. రెండు పంచెలు చూసినావిడ ఉంది. డాక్టరు రిజిస్టరు ఉంది. అవన్నీ చుట్టూ తిరిగేవే. గదిలోకి వచ్చిన మనిషిని చూసింది ఈ పిల్లే. ఆ మాట ఈమె కోర్టులో చెబితేనే కేసు."

అవతల మంచం దగ్గర కమలాకుమారి విసనకర్రతో విసురుతోంది. పన్నెండయింది. వాసవి చేతివేళ్ళు ముందు కదిలాయి. తడుముకుని పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుంది. చూపు ఇంకా కుర్చీ మీదున్న గుడ్డ వైపే ఉంది, అటు తిప్పి వదిలేసినట్టు.

ఒళ్ళు చల్లబడుతున్నకొద్దీ ఆ గుడ్డ రంగు తేరుకుంది. మట్టిలోంచి ముందు ఇటుకరంగు వచ్చింది. తరవాత పండిన మిరపరంగు. తరవాత అంచు మీది జరీ గీత ఒకటి, దాని పక్కన నేసిన చిన్నచిన్న రుద్రాక్షలు. అలాటి అంచు ఆ ఇంట్లో ఒకరికే ఉంది. చిన్నప్పుడు దేవుడి గది గుమ్మం బయట కూచుని ప్రసాదం కోసం ఎదురుచూస్తూ ఆ రుద్రాక్షలు లెక్కపెట్టిన పిల్ల ఆమె.

వాసవి తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఇప్పుడామెకి బాగా కనిపిస్తోంది. వెంకటరమణమూర్తి కూతురి కళ్ళలోకి చూడలేక చూశాడు.

"నాన్నా," అంది. పిలిచినట్టు లేదు. ఏదో అడిగినట్టుంది.

ఆయన చూపు కుర్చీ మీది పంచె మీదికి పోయింది.

పిల్లాడు కదిలి ఏడవబోయాడు. ఆమె జో కొట్టింది. వాడు ఊరుకున్నాక పాణిగ్రాహిని పిలిచింది.

"ఇన్‌స్పెక్టరు బాబూ, రాసుకోండి. కాసులమ్మని నేనే కొట్టాను."

కమలాకుమారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"వాసవీ," అన్నాడు అప్పలస్వామి. "ఇప్పుడే చెంబు పట్టుకోలేకపోయావు నువ్వు."

"నటించాను."

"రాయి ఎత్తలేకపోయావు."

"అదీ నటించాను."

"కంటిపాప కూడా నటించిందా అమ్మా?" ఆ ప్రశ్న అడిగింది పాణిగ్రాహి. అతని గొంతులో వెటకారం లేదు.

ఆమె పిల్లాడి మీద కొంగు కప్పింది. "రాసుకోండి బాబూ. ఒంటిగంట అయిపోతాది."

"నా ముందు చెప్పినది చెల్లదు. మేజిస్ట్రేటు ముందు కూడా ఇదే చెప్పాలి."

"సెప్తాను."

"ఇంకోసారి మంచినీళ్ళు తాగి ఆలోచించుకో."

"ఆలోచించుకునే సెప్తన్నాను."

పాణిగ్రాహి అప్పలస్వామి వైపు చూశాడు. అప్పలస్వామి నోటుపుస్తకం మూసేశాడు. పన్నెండేళ్ళుగా మనుషుల చేత నిజం చెప్పించడమే అతని వృత్తి. ఈ పిల్ల నిజం తెలుసుకున్న మరుక్షణమే అబద్ధం మొదలుపెట్టింది, దాన్ని ఆపే మాట అతని దగ్గర లేదు.

ఆరు వాక్యాలు రాసుకున్నాడు పాణిగ్రాహి. చదివి వినిపించాడు. వాసవి సంతకం చేసింది, వేళ్ళు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాక అక్షరాలు వంకరపోయాయి.

"చదివి వినిపించినట్టు ఒక పెద్దమనిషి సాక్షి సంతకం కావాలి. అప్పలస్వామిగారూ?"

"చచ్చినా పెట్టను."

పాణిగ్రాహి కాగితం చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతను ఎవరినీ అడగలేదు. గుమ్మం వైపు మాత్రం చూశాడు. వాసవి కూడా అటే చూస్తోంది. ఒప్పుకున్నాక ఆమె మొహంలో భయం పోయింది గాని, ఇంకేదో మిగిలింది. ఎదురుచూపు లాంటిది. తండ్రి ఒక్క అడుగు ముందుకేసి, ఆ కాగితం చింపి, అది కాదు అంటే చాలు.

వెంకటరమణమూర్తి ఒక్క అడుగు ముందుకేశాడు. కలం అందుకున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఇంటిపేరుతో సహా పూర్తిగా, కొట్లో బట్టల తానుల మీద రాసేంత గుండ్రంగా సంతకం పెట్టాడు. తేదీ కూడా వేశాడు.

వాసవి కళ్ళు మూసుకుని తెరిచింది. పిల్లాణ్ణి ఎత్తి ఒకసారి మెడ దగ్గర పెట్టుకుంది. వాడి చెవి వెనక సాంబ్రాణి మసి అంటుకుంటే బొటనవేలితో తుడిచింది. తరవాత కమలాకుమారి చేతుల్లో పెట్టింది.

"బాబుని కొడల పంపీ పిన్నీ. ఇప్పుడే, ఆ కారులోనే పంపీ. ఈ ఇంట్లో మాత్రం ఉంచకు. ఎవరెత్తుకున్నా ఫరవానేదు, తాతగారి సేతికి ఇవ్వకు."

వెంకటరమణమూర్తి ఇంకా కలం పట్టుకునే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని ఆయన వేళ్ళలోంచి తనే తీసుకోవలసివచ్చింది.

వీధిలో ఎండ మండిపోతోంది. గుమ్మం నించి జీపు దాకా నలభై అడుగులుంటుంది. కానిస్టేబులు వాసవిని నడవమని సైగ చేశాడు.

"ఆగు," అన్నాడు పాణిగ్రాహి. ఒప్పుకోలు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, అప్పలస్వామి మొహం చూడకుండా అన్నాడు. "జీపు అరుగు దగ్గరికి తీసుకురా. ఈమెని ఎండలో నడిపించకు."